వంకగట్టు ఈతచెట్లు

ఉపదేశి సుందరరాజుకు నోరుంది. అది దేవుడిచ్చిన నోరని ఆయనా ఒప్పుకునేవాడు, ఊరూ ఒప్పుకునేది. రేణిగుంటకు ఆమడ దూరంలో, వంకను ఆనుకుని ఉన్న ఆ పేటలో ముప్ఫై ఇళ్ల క్రైస్తవ సంఘాన్ని ఆయన ఆ నోటితోనే నడుపుకొచ్చాడు. పెళ్లిలో మాట్లాడితే ముసలివాళ్లకు కూడా మళ్లీ పెళ్లి మీదికి మనసు పోయేది. సమాధి దగ్గర మాట్లాడితే చచ్చినవాడి పగవాళ్లు కూడా ఏడ్చేవాళ్లు. ఇన్ని మాటలొచ్చిన మనిషికి ఒక్క మాట మాత్రం పదకొండేళ్లుగా నోటికి రాలేదు. "తప్పు నాదే గంగులమ్మక్కా" అన్న మాట.

ఆ తప్పు డెబ్భై మూడులో జరిగింది. ఆ ఏడు మట్టల ఆదివారానికి చిత్తూరు నుంచి, చుట్టుపక్కల సంఘాలన్నీ చూసే పెద్దయ్యగారు వస్తున్నారని కబురొచ్చింది. మట్టల ఆదివారమంటే ప్రభువు యెరూషలేములో అడుగుపెట్టిన రోజు. పిల్లా పెద్దా ఈతమట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ గుడిదాకా ఊరేగుతారు. ఏటా వంకగట్టు మీది చెట్ల నుంచి పక్కమట్టలు నాలుగు కోసుకొచ్చేవాళ్లు. ముళ్లూ దుమ్మూ నిండిన ఆ ముదురు మట్టలు ఆ ఏడు సుందరరాజు కంటికి ఆనలేదు. ఈతచెట్టు నడినెత్తిన, మొవ్వులో, ఇంకా విచ్చుకోని లేతమట్టలుంటాయి, వెన్నముద్ద రంగులో. పెద్దయ్యగారు బస్సు దిగేసరికి జనం చేతుల్లో అవి మెరిసిపోవాలని ముచ్చట పడ్డాడు.

గంగులమ్మ అడ్డమొచ్చింది. మొగుడు పోయాక ఈతాకు చాపలల్లి కూతుర్ని సాకుతున్న మనిషి.

"ఉపదేశయ్యా, పక్కమట్టలు ఎన్నైనా కోసుకో. మొవ్వు జోలికి మాత్రం పోవద్దు. మనిషికి తలకాయ మాదిరి సెట్టుకి మొవ్వు ఒకటే ఉండాది. అది తీస్తే మళ్ళా సిగురెయ్యదు."

సుందరరాజు పదిమంది ముందరా నవ్వేశాడు. "ఏం గంగులమ్మక్కా, ఈ బూమీ ఆకాశమూ ఒకనాడు అగ్గిలో కాలిపొయ్యేటివే గదా. కాలిపొయ్యే కొంపకి సున్నం కొట్టుకుంటా కూసుంటావా?"

జనం గొల్లుమన్నారు. గంగులమ్మ నవ్వలేదు. కొంగు బిగించుకుని ఇంటికి వెళ్లిపోయింది.

పన్నెండు చెట్లకు మొవ్వులు కొట్టించాడు. ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. పెద్దయ్యగారు ఉపదేశి భుజం తట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. వానలు మొదలయ్యేసరికి పన్నెండు చెట్లూ మోడులయ్యాయి. వాటికి గూళ్లు వేలాడేసిన గిజిగాళ్లు ఎటో పోయాయి. పట్టుకునే వేళ్లు లేక మరుసటేడు గట్టు విరిగి వంకలో పడింది. గంగులమ్మ చాపల పని మానేసి, రేణిగుంట గోడౌన్లలో గోతాలు కుట్టే కూలికి పోయింది.

ఆమె గుడికి రావడం మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి వెనక గోడవారన కూర్చునేది, ఒక్క మట్టల ఆదివారం తప్ప. తిరుపతి నుంచి తెచ్చిన కొబ్బరిమట్టలు పట్టుకుని జనం పాడుతుంటే, సుందరరాజు కళ్లు ఆ గోడవారకే పోయేవి. ముసలామెకు ఇంకా కోపం పోలేదు అనుకునేవాడు.

ఆయనైతే మారాడు. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే మారాడు. సృష్టి అంతా నొప్పులు పడే తల్లిలాగా మూలుగుతోందనీ, విడుదల కోసం ఎదురుచూస్తోందనీ వాక్యంలో ఉన్న చోటికి వచ్చి ఒకనాడు ఆగిపోయాడు. ఎన్నిసార్లు గడగడా చదివి దాటేసిన మాటో అది. తాను చేసినదాన్ని దేవుడు తగలబెట్టి పారేయడు, బాగుచేసి కొత్తది చేస్తాడు అని తెలిశాక ఆ పూట అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పట్నుంచి కొత్త భూమి మీద ప్రసంగాలు మొదలుపెట్టాడు. అవి ఎంత బాగుండేవంటే పుత్తూరు నుంచి కూడా పిలుపులొచ్చేవి. మనుషులు చెట్లు నరికారు, మనుషులు నేలను పాడుచేశారు అని కంటతడి పెట్టించేవాడు. ఏ మనిషో మాత్రం చెప్పేవాడు కాదు.

ఎనభై నాలుగులో, మట్టల ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా, గంగులమ్మ మంచం పట్టిందని కూతురు నాగరత్నమ్మ వచ్చి చెప్పింది. సుందరరాజు దారి పొడుగునా ఆ ఒక్క మాటే లోపల నూరుకుంటూ పోయాడు. ఈరోజు చెప్పెయ్యాల్సిందే అనుకున్నాడు.

ప్రార్థన అయ్యాక గంగులమ్మ కళ్లు తెరిచింది. ఆయన్నే చూస్తూ అడిగింది.

"ఉపదేశయ్యా, కొత్త బూమి, కొత్త బూమి అంటావే. ఆడ ఈతసెట్లుంటాయా?"

అంతకన్నా మంచి అదను ఎవరికి దొరుకుతుంది? సుందరరాజు నోరు తెరిచాడు. నోరు తెరవగానే ప్రసంగం వచ్చేసింది.

"ఉంటాయక్కా, ఎందుకుండవు! ఎండిన వంకలు పారతాయి. మోడులు సిగురేస్తాయి. పోయిన గిజిగాళ్లు తిరిగొచ్చి గూళ్లు కట్టుకుంటాయి. దేవుడు సేసినేది ఏదీ వ్రుదాగా పోదు."

చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అది చూసి ఆయనకు ఇంకా ఊపొచ్చింది. ముగించేసరికి గంగులమ్మ కళ్లు మూసుకుని ఉంది. "అట్లయితే సరే" అంది. అసలు మాట రేపు చెబుదాంలే, ఇంతమంది లేనప్పుడు, అనుకుని ఆయన లేచాడు.

తెల్లారేసరికి గంగులమ్మ లేదు.

దాచుకున్న ఆఖరి ఈతచాపలో చుట్టి ఆమెను పూడ్చారు. సుందరరాజు సమాధి మీద పిడికెడు మన్ను వేసి, జీవితంలో మొదటిసారి రెండు ముక్కల్లో ప్రార్థన ముగించాడు. అందరూ వెళ్లాక నాగరత్నమ్మ ఇంటి వాకిట్లోకి పోయి ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీయమ్మకి నేనొక మాట సెప్పాల్సి ఉండె. ఆ సెట్లు నేను కొట్టించినాను. ఆయమ్మ వద్దన్నా ఇన్లేదు. తప్పు నాది."

నాగరత్నమ్మ ఆశ్చర్యపోలేదు. "అది అమ్మకి తెల్సు అయ్యగారూ. నిన్న మీరు పోయినాక అనింది, ఉపదేశయ్య ఏదో సెప్పబోయి ఇంకేందో సెప్పి పోయినాడే అని."

ఆ మాటకు ఆయన తల ఎత్తలేకపోయాడు. నాగరత్నమ్మ ఇంట్లోంచి బిందే చెంబూ తెచ్చింది.

"రాండి. పొద్దుగూకే లోపల నీళ్లు పొయ్యాల."

ఎక్కడికని అడక్కుండా వెనకాలే నడిచాడు. వంక మలుపులో, చాకిరేవు బండకు అవతల, ఎవరూ పోని చోట కంపచెట్ల చాటున తొమ్మిది ఈతమొక్కలున్నాయి. ఒక్కోదాని చుట్టూ ముళ్లకంచె ఉంది. రెండు నడుమెత్తు పెరిగాయి, మిగతావి మోకాలెత్తు.

"అమ్మ కాళాస్తి దోవలో గింజలు ఏరుకొచ్చి దాసిపెట్టేది" అంది నాగరత్నమ్మ. "మట్టల ఆదివారం ఊరంతా గుడికాడ ఉంటాది, ఈ పక్కకి ఎవురూ రారని ఆ పొద్దే నాటేది. మేకలు తిన్నెయి తినంగా, ఎండినెయి ఎండంగా, ఇయ్యి మిగిలినాయి."

సుందరరాజు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. పదకొండేళ్లుగా తాను కోపం అనుకున్నది ఇదన్నమాట. తాను గుడిలో కొత్త భూమి గురించి చెబుతున్న ఏళ్లన్నీ ఆమె ఇక్కడ నీళ్లు మోసింది. 

"నాకు సెప్పి ఉంటే నేనూ ఒక బిందె మోసేవాణ్ణి గదమ్మా. ఇన్నేండ్లు నాకెందుకు సెప్పలేదు?"

నాగరత్నమ్మ బిందె దించింది. 

"సెప్తే మళ్ళా మట్టలకి కొట్టిస్తారని బయపడింది అయ్యగారూ."

సుందరరాజు లేచాడు. ఆమె చేతిలో చెంబు తీసుకుని మొదటి మొక్క దగ్గర వంగాడు.