దయామణి విమాన సాక్ష్యం

తప్పులుంటే మన్నించండి. యాభై ఆరో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. ఇందులో ధనమ్మ నేనే. "నేను" అని రాస్తే నన్ను నేనే వెనకేసుకొస్తానని భయమేసి, ఎవరో పరాయి మనిషి సంగతిలాగా రాశాను.

నరసరావుపేటలో మిషను ఆసుపత్రి వెనక వీధిలో ధనమ్మకూ దయామణికీ మధ్య గోడ ఒక్కటే. ఆసుపత్రి దొరసానమ్మకు ధనమ్మ ఆరేళ్ళు ఆయాగా చేసింది. డెబ్బై రెండులో దొరసానమ్మకు గుండె జబ్బు ముదిరింది. గన్నవరం నుంచి విమానంలో హైదరాబాదు తీసుకుపోవాలన్నారు. తోడు వెళ్ళాల్సింది ధనమ్మే. కానీ ఆ వారం ఆమె అన్న కొడుకు పెళ్ళికి మాచర్ల వెళ్ళింది. తిరిగొచ్చేసరికి, దొరసానమ్మ దగ్గర పనిలో చేరి రెండు నెలలు కూడా నిండని దయామణి విమానం ఎక్కింది, దిగింది, రైల్లో ఇంటికి కూడా వచ్చేసింది.

దొరసానమ్మకు నయమై తన దేశం వెళ్ళిపోయింది. ధనమ్మ కడుపుమంటకు మాత్రం మందు దొరకలేదు.

ఎందుకంటే ఏటా కోత పండుగ నాడు మిషను గుడిలో దయామణి లేచి, దేవుడు తనకు చేసిన మేలంటూ ఆ విమానం సాక్ష్యమే చెప్పేది. "పైనుంచి చూస్తే కిష్టా నది ఆరేసిన పంచె మాదిరి ఉంది. మబ్బులు కిటికీ పక్కనే, ఏకిన పత్తి మాదిరి. ఎక్కడో పల్నాటి మట్టిలో పుట్టిన నన్ను దేవుడు అంత ఎత్తున కూర్చోబెట్టాడు." ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ధనమ్మ తల దించుకుని పళ్ళు నూరుకునేది. ఆ పంచె తనది, ఆ పత్తి తనది. పద్నాలుగేళ్ళలో ఆ సాక్ష్యం ధనమ్మకు దయామణి కన్నా బాగా నోటికొచ్చింది.

ఎనభై ఆరు వేసవిలో ఒక ఆదివారం గుడి పాస్టరు కృపాదానం అయ్యగారు ఆరాధన అయ్యాక పేపరు చదివి వినిపించారు. గన్నవరం నుంచి ఇన్నేళ్ళు ఎగిరిన ఆ పంకాల విమానం ముసలిదైపోయింది, ఇక మూలన పెడతారు. అందులో ఎక్కినవాళ్ళు తమ జ్ఞాపకాలు రాసి పంపాలి. బాగున్నవి పది ఏరి, ఆ పదిమందిని చివరిసారి ఊరికే ఎక్కించి ఒక చుట్టు తిప్పుతారట. అందరూ దయామణి వైపు తిరిగారు. ఇంకోసారి కూడానా అని ధనమ్మ ఒళ్ళు భగ్గుమంది.

మర్నాడు దయామణి కాగితం తీసుకుని ధనమ్మ గడపలోకే వచ్చింది. ధనమ్మ, భర్త పోయాక వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకుంది. దయామణికి వేలిముద్రే గతి.

"అయ్యగారి చేత రాయించుకోరాదంటే?" అంది ధనమ్మ.

"ఆయనకి చెప్పుకోలేని సంగతక్కా." దయామణి తలుపు దగ్గరికి వేసింది. "నేను విమానంలో ఏందీ చూళ్ళా."

"ఏందే?"

"విమానం కదలంగానే దొరసానమ్మ 'కళ్ళు మూసుకో దయామణీ, ప్రార్థన చేద్దాం' అంది. మూసుకున్నా. సూదిమందు మత్తులో ఆమె మధ్యలోనే నిద్రపోయింది. ఆమేన్ అన్లా."

"నువ్వనొచ్చుగా?"

"పెద్దామె మొదలెట్టిన ప్రార్థన నేనెట్టా ముగిస్తా? చేరి రెండు నెల్లు కాలా. ఆమేన్ అనకుండా కళ్ళు తెరిస్తే విమానం పడిపోద్దేమోనని భయం కూడా. హైదరాబాదులో దిగి చక్రాలు నేలకి తగిలిందాకా అట్టాగే కూర్చున్నా."

"మరి కిష్టా నది?"

"ఎనక సీటాయన పెళ్ళానికి చూపిస్తా చెప్పాడు. పంచె ఆయనదే. పత్తి మాత్రం నాదే."

ధనమ్మకు నవ్వు తన్నుకొచ్చింది, పెదవి కొరికి ఆపుకుంది. "కాగితంలో కూడా పంచే, పత్తే రాద్దాం. ఎవడికి తెలుసుద్ది?" అని పరీక్ష పెట్టినట్టు అడిగింది.

"వద్దక్కా. నోటి మాటైతే గాలికి పోద్ది. వేలిముద్రేసి అబద్ధం చెబితే కోర్టుకీడుస్తారు. ఉన్నదున్నట్టు రాయి."

ధనమ్మ అంత శ్రద్ధగా ఎప్పుడూ రాయలేదు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు. విమానమెక్కి కళ్ళు మూసుకున్న మనిషిని మళ్ళీ ఏ బుద్ధున్నవాడు ఎక్కిస్తాడు? ఆ ధైర్యంతోనే ఎండలో నడిచి వెళ్ళి తానే పోస్టు డబ్బాలో వేసొచ్చింది.

ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. దయామణి పేరు మీదే, పదిమందిలో ఆమెను ఏరామని. చదివి చెప్పాల్సిన ఖర్మ కూడా ధనమ్మకే పట్టింది. చేదు మందు మింగినట్టు ఒక్కో అక్షరం మింగుతూ చదివింది.

"నువ్వు కూడా రా అక్కా, నాకు దారి తెలీదు," అంది దయామణి. ధనమ్మ వెళ్ళింది. వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ఇంకా మండుతుందని తెలుసు.

గన్నవరంలో విమానం పక్కన షామియానా వేశారు. రెక్కల రంగు పెచ్చులూడిపోయి, చూస్తే జాలేసేటట్టు ఉందది. పదిమందీ ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. పత్తి వ్యాపారి అబ్దుల్ మజీద్ మొదటిసారి మెట్ల కిందే చెప్పులు విడిచి ఎక్కి, హైదరాబాదులో వట్టి కాళ్ళతో దిగాడట. "తిరిగొచ్చేసరికి నా చెప్పులు జాగర్తగా ఎత్తిపెట్టారయ్యా. అంత మర్యాద నాకు మా ఇంట్లోనే లేదు," అంటే అంతా నవ్వారు. ఒకామె తన కాపురం ఈ విమానంలోనే మొదలైందని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆఖరున దయామణి. ఆమేన్ దగ్గరికొచ్చేసరికి జనం విరగబడి నవ్వారు, లేచి చప్పట్లు కొట్టారు. విమానం నడిపే ఆయన ఆమె చేయి పట్టుకుని మెట్లెక్కించాడు.

ధనమ్మ కంచె పట్టుకుని నిలబడింది. పంకాలు తిరిగాయి. దుమ్ము లేచింది. దయామణి సంచి ధనమ్మ చంకలోనే ఉంది. విమానం చిన్నదైపోయిందాకా చూసింది. అందులో ఒక సీటు పద్నాలుగేళ్ళ కిందట తన పేరు మీద ఉండాల్సిందని అక్కడ ఒక్కరికీ తెలియదు.

తిరుగు బస్సులో దయామణి నోరు విప్పలేదు. గుంటూరు దాటింది, ఫిరంగిపురం దాటింది. అడగకూడదని ధనమ్మ ఒట్టేసుకుంది. నరసరావుపేట ఇంకో ఆమడ ఉందనగా ఇక ఆగలేకపోయింది.

"ఏమే, నోరు పడిపోయిందా? ఇన్నేళ్ళు చూడంది చూశానని చెప్పి నన్ను కాల్చావు. ఇప్పుడు చూసింది చెప్పకుండా కాలుస్తన్నావే!"

ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"కళ్ళు తెరిచే ఉన్నానక్కా," అంది దయామణి నెమ్మదిగా. "చానా ఉంది. నేల మీద మన ఇళ్ళూ పొలాలూ ఎవరివి ఎవరివో తెలియకుండా కలిసిపోయినయ్యి. దాన్ని ఏవని చెప్పాలో తెలీట్లా."

"మరి కోత పండుగకి గుళ్ళో ఏం చెప్తావే?"

"ఆమేన్ సంగతే చెప్తా. చూశావుగా ఎట్టా నవ్వారో! పంచె చెప్పినప్పుడు ఇంతమంది ఎప్పుడన్నా చప్పట్లు కొట్టారా? నువ్వు రాసింది రాసినట్టు ఇంకో పద్నాలుగేళ్ళు చెప్పుకుంటా."

ధనమ్మ సంచి ఆమె ఒళ్ళో పడేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మొన్న కోత పండుగకి ఆ ఆమేన్ సాక్ష్యం మూడోసారి విన్నది. గుడంతా నవ్వింది. ధనమ్మ నవ్వలేదు.

కంచర్ల ధనమ్మ
వయసు అరవై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది నరసరావుపేటలోనే, దయామణి పక్కింట్లోనే