తాకని బండి

హనుమండ్లు మంచి డ్రైవరు. ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు, ఆయనే చెప్పుకుంటాడు. మంథని పక్కనున్న పల్లె నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి, అక్కడి నుంచి మళ్లీ పల్లెకు ఇరవై ఆరేళ్లుగా గల్ఫ్ మనుషులను మోస్తున్నాడు. ఎన్ని కుటుంబాలను ఏడిపించి పంపాడో, ఎన్ని కుటుంబాలను నవ్విస్తూ దించాడో లెక్క లేదు. ఇప్పుడున్నది ఏడు సీట్ల తెల్ల బండి. మీద చిన్న గీత పడినా ఆయనకు అన్నం సహించదు.

ఆయనకు ఇంకో గొప్ప కూడా ఉంది. కోతలప్పుడు ఈ దిక్కున రోడ్డులో సగం రైతులదే. తారు మీద వడ్లు ఆరబోసి, కుప్ప చుట్టూ రాళ్లు పేర్చుకుంటారు. లారీలవాళ్లు చూసీచూడనట్టు ఆ వడ్ల మీదుగానే పోతారు. హనుమండ్లు మాత్రం చచ్చినా ఒక్క గింజ మీద టైరు ఎక్కనివ్వడు. లచ్చిమిని తొక్కితే పుట్టగతులుండవని పాసింజర్లకు చెబుతూ, బండిని అటు పక్కకు తిప్పుకుని దర్జాగా సాగిపోతాడు.

అలాంటి మనిషి మీద నింద పడింది. నెలన్నర కిందట ఊరి పొలిమేరలో వడ్ల పక్క నుంచి వస్తుంటే, ఎదురుగా మోటార్ సైకిల్ మీద వచ్చిన బాలమల్లు అనే రైతు ఆ వడ్లల్లోనే జారిపడ్డాడు. కాలు విరిగింది. హనుమండ్లే బండి ఆపి, అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి దవాఖానకు చేర్చాడు. తీరా చూస్తే బాలమల్లు, కారు తాకింది అన్నాడు. ఊరు కూర్చుంది. హనుమండ్లు అందరి ముందూ నిలబడి, ధర్మపురి నరసింహస్వామి మీద ఒట్టేసి, బండి తాకలేదని, తన తప్పు గోరంత కూడా లేదని చెప్పాడు. బాలమల్లు తన మాట మీదే ఉన్నాడు. కేసు కాలేదు, గొడవ కాలేదు. ఆయన ఫోను మోగడం మాత్రం ఆగిపోయింది. గల్ఫ్ నుంచి కొడుకులు దిగే ఇళ్లవాళ్లు వేరే బండ్లు మాట్లాడుకోసాగారు.

బండి అమ్మేద్దామని భార్య కిష్టవ్వ అంది. అమ్మితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆయన కసురుకున్నాడు. పోయిన పేరు తిరిగి రావాలి, అంతే. ఇకమీదట ఎవడూ నోరెత్తకుండా బండికి కెమెరా పెట్టించాలని తీర్మానించుకుని, మే నెల ఎండలో ఒక పొద్దున కరీంనగర్ వచ్చాడు.

బైపాస్ రోడ్డు మీద నజీరుద్దీన్ దుకాణం ఆయనకు పాతదే. సీటు కవర్లు కుట్టేది నజీరుద్దీన్, వైరింగ్ చూసేది కూతురు ఇఖ్రా. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల. ఆమె పెట్టిన చోట వైరు కనబడదని పట్నమంతా పేరు. హనుమండ్లు వస్తూనే అద్దాల బీరువాలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూపించాడు.

"గది ఇయ్యి బిడ్డా. దూరంకెళ్లి జూస్తేనే కెమెరా ఉన్నదని ఎవడైనా భయపడాలె."

"కాక, దానికి లోపల బ్యాటరీ ఉంటది," అంది ఇఖ్రా. "మన ఎండల బండి గంట సేపు ఆగిందంటే ఉబ్బుతది. ఉబ్బినంక అద్దం మీద నిల్వదు. బ్యాటరీ లేని రకం తీస్కో, కెపాసిటర్‌ది. చిన్నగుంటది, ఎండకు తట్టుకుంటది. పెద్దగ కనబడేదానికన్నా నంబర్ ప్లేటు సాఫ్‌గ కనబడేది మంచిది."

"మరి లోపల మనుషుల్ని గూడ తీసేది ఉంటదట గద?"

"ఉంటది. కావాల్నా?"

హనుమండ్లు ఆలోచించాడు. ఐదేళ్లకు దుబాయి నుంచి దిగిన మనిషి శామీర్‌పేట దాటకముందే ఏడుపు మొదలుపెడతాడు. పెళ్లాంతో ఫోనులో ఏమేమో మాట్లాడతాడు. ఆ ఏడుపు తన దగ్గర దాచుకుని ఏం చేసుకోవాలి.

"వద్దు. రోడ్డు దిక్కే సూడాలె. మాటలు గూడ వద్దు."

"మంచిది. సౌండ్ బందు చేస్త," అంది ఇఖ్రా. ఆమెకు ఆ జవాబు నచ్చిందని ముఖంలో కనబడింది.

పని మొదలయ్యాక హనుమండ్లు పక్కనే నిలబడ్డాడు. తన బండి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఆయనకు ప్రాణం అక్కడే ఉంటుంది. లోపలి అద్దానికి వేలాడుతున్న స్వామివారి పూసల దండను ఇఖ్రా ముట్టుకోలేదు. "కాక, అది ఊగుతే కెమెరాకు అడ్డమొస్తది. నీ చేతులతోని జర పొట్టిగ కట్టు," అంది. ఆయన రెండు ముళ్లు వేసి కుదించాడు. ముందు అద్దం పై అంచున కొడుకుల పేర్లు రాయించిన నల్ల పట్టీ ఉంది. దాని వెనక పెడితే కెమెరాకు చీకటే కనబడుతుంది కనుక, పట్టీకి కింద, లోపలి అద్దం చాటున, ఎడమవైపు జాగా చూసింది. వైపర్ తుడిచే మేరలోనే ఉండాలి, లేకుంటే వానలో కెమెరా గుడ్డిదవుతుందని చెప్పింది. స్పిరిట్‌తో అద్దం తుడిచింది, ఆరనిచ్చింది, అతికించి నిమిషం సేపు బొటనవేలితో అదిమి పట్టింది.

తర్వాత వైరు. దాన్ని పైకప్పు గుడ్డ అంచులోకి ప్లాస్టిక్ పలకతో నెమ్మదిగా దోపుకుంటూ పోయి, తలుపు పక్క స్తంభం మీది మూత ఊడదీసి, ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి కిందికి దించింది. ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి తెస్తే అది విప్పుకునే రోజున వైరే మెడకు పడుతుందట. సిగరెట్ లైటర్ సందులో గుచ్చి తోకలా వేలాడదీసే వాళ్లంటే ఆమెకు చిరాకు. నేరుగా ఫ్యూజుల పెట్టెకే కలిపింది, అదీ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు. గంటన్నరకు మూతలన్నీ తిరిగి బిగిశాయి. హనుమండ్లు ముందు సీట్లో కూర్చుని వైరు కోసం వెతికాడు. దొరకలేదు. ఇరవై ఆరేళ్లలో తన బండికి ఇంత శుభ్రమైన పని జరగలేదని ఆయన మనసులో ఒప్పుకున్నాడు, పైకి మాత్రం "ఫర్వాలే" అన్నాడు.

"పెట్టుడుతోని కాలే కాక. ఒక ఇరవై నిమిషాలు ఊరి బయట తిప్పుకరా. వీడియో జూసి, ఆకాశం ఎక్కువ పడ్తుందా, రోడ్డు ఎక్కువ పడ్తుందా అని కోణం సరిజేస్త."

హనుమండ్లు పోయి వచ్చాడు. బయటి రోడ్డు మీద హాయిగా నడిపాడు. కెమెరా చూస్తోందని తెలిసేసరికి ఒళ్లంతా కొత్త ఉత్సాహం. తిరిగొచ్చి, నజీరుద్దీన్ తెప్పించిన చాయ్ చేతిలో పట్టుకుని, ఇఖ్రా ఫోనులో తన తోవ తాను చూసుకోసాగాడు. బొమ్మ ఎంత బాగా పడిందంటే చెట్ల మీది ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు.

"సూడు, వడ్లొచ్చినయి," అన్నాడు గర్వంగా. "ఒక్క గింజ తొక్కుతనేమో సూడు."

ఎడమవైపు రోడ్డంతా పసుపురంగు వడ్లు. బండి కుడివైపుకు తిరిగింది. మూలన వేగం అంకె కనబడుతోంది, అరవై ఎనిమిది. ఎదురుగా ఒక మోటార్ సైకిల్, మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో పాప. బండి వాళ్ల దిక్కే వెళ్లింది. మోటార్ సైకిల్ ఒక్కసారి వణికి, తారు దిగి, మట్టిలోకి పోయింది. నడిపే అతను కాలు నేల మీద ఆనించి ఎలాగో నిలబెట్టుకున్నాడు. బండి దాటిపోయింది.

ఇఖ్రా నంబర్ ప్లేటు కోసం బొమ్మను ఆపింది. ప్లేటు కనబడలేదు, మోటార్ సైకిల్ అంతగా ఊగిపోతోంది. ప్లేటును వదిలేసి ఇఖ్రా, వెనక కూర్చున్న ఆడమనిషి ముఖం చూస్తూ ఉండిపోయింది.

"గాళ్లెందుకు కిందికి దిగిండ్రు?" అన్నాడు హనుమండ్లు. నిజంగానే ఆయనకు తెలియదు. నడుపుతున్నప్పుడు ఆయన చూపంతా ఎడమవైపు వడ్ల అంచు మీదే ఉంది.

"నువ్వు వాళ్ల దిక్కు పోతివి కాక."

"నా దిక్కు వడ్లున్నయి గద."

"అందుకే ఆగాల్సింది నువ్వు. అడ్డం నీ దిక్కున్నది. వాళ్ల దిక్కు ఖాళీనే ఉన్నది, వాళ్లు పోయినంక నువ్వు పోవాలె."

"ఒక్కసారి జరిగిందాన్ని పట్టుకొని..."

ఇఖ్రా వీడియోను ముందుకు జరిపింది. ఇరవై నిమిషాల్లో నాలుగు చోట్ల వడ్లున్నాయి. నాలుగుసార్లూ బండి కుడికే తిరిగింది, నాలుగుసార్లూ వేగం తగ్గలేదు. రెండుచోట్ల ఎదురుగా ఎవరూ లేరు. ఒకచోట ముసలాయన సైకిల్ దిగి కాలువ గట్టెక్కాడు.

నజీరుద్దీన్ మధ్యలో కల్పించుకున్నాడు. గిరాకీని నొప్పించడం ఆయనకు ఇష్టం లేదు. "పోనీ తియ్యి ఇఖ్రా, కోణం చూడు," అన్నాడు. ఆమె వినలేదు. "అబ్బా, ఇప్పుడు చెప్పకపోతే నేను పెట్టిన కెమెరా దేనికి," అంది తండ్రితో.

హనుమండ్లు చేతిలో చాయ్ చల్లారింది. ఆయన కళ్ల ముందు వేరే రోజు ఆడుతోంది. పొలిమేర మలుపు, ఎడమవైపు వడ్లు, కుడివైపు కాలువ. ఎదురుగా బాలమల్లు. అతను కాలువలోకి దిగలేడు కాబట్టి, కారు తప్పించుకోవడానికి మోటార్ సైకిల్‌ను అడ్డంగా వడ్లల్లోకే తిప్పాడు. అక్కడ టైరు జారింది. కారు తాకలేదు, అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే ఆయన నెలన్నరగా తల ఎత్తుకుని తిరిగాడు. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గిది తుడిస్తే పోతదా బిడ్డా?"

"పోతది. కార్డు నీది. గని రేపు నువ్వు గట్లనే నడిపితే రేపు మళ్ల పడ్తది."

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత తన ఫోను తీసి ఆమెకిచ్చాడు. "తుడవకు. నా దాంట్లకు ఎక్కియ్యి," అన్నాడు.

సాయంత్రానికి బాలమల్లు ఇంటి ముందు బండి ఆపాడు. బాలమల్లు అరుగు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. అతని భార్య శంకరవ్వ బండిని చూసి చాట కింద పెట్టి లేచింది, కొట్లాటకే వచ్చాడనుకుంది. హనుమండ్లు అరుగు కింద నిలబడే ఫోను అందించాడు.

"గిది ఇయ్యాల్టిది. సూడు. నువ్వు పడ్డ రోజు గూడ నేను గిట్లనే వచ్చిన."

బాలమల్లు చూశాడు. మోటార్ సైకిల్ మట్టిలోకి దిగిన చోట అతని చెయ్యి తనకు తెలియకుండానే కాలు మీదికి పోయింది.

"నా తప్పు గోరంత లేదని పదిమందిల అన్న," అన్నాడు హనుమండ్లు. "అది అబద్ధం. నువ్వు పడ్డది నా వల్లనే. గీ మాట పదిమందిలనే చెప్త."

బాలమల్లు ఫోను తిరిగిచ్చాడు. భార్య వైపు చూడకుండా, నేల చూస్తూ అన్నాడు, "బండి తాకలేదన్నా. నాకు ఎరుకే."

"మరెందుకు తాకిందంటివి?" అంది శంకరవ్వ.

"ఏమని చెప్పాలె? కారు మొత్తం నా మీదికే వచ్చె. తాకలేదంటే, మరి ఎందుకు పడ్డవు, బండి నడుప రాదా అని నవ్వుతరు. తాకకుండ గూడ పడగొట్టిండని చెప్తే ఎవలు ఇంటరు?"

ఈ ఒక్క మాట కోసం హనుమండ్లు నెలన్నర ఎదురుచూశాడు. బాలమల్లు నోటితోనే రావాలని, పదిమంది వినాలని నిద్రలో కూడా కోరుకున్నాడు. వచ్చింది. ఆయనకు పిసరంత సంతోషం కూడా కలగలేదు. సిగ్గేసింది.

శంకరవ్వకు మాత్రం ఇద్దరి మీదా సమానంగానే మండింది. "నెలన్నర సంది ఇద్దరు మొగోళ్లు చెరొక్క అబద్ధం పట్టుకొని కూసున్నరు. కట్టు మార్పిచ్చుకొచ్చుడు నా పాణానికొచ్చింది," అని చాట తీసుకుని లోపలికి పోయింది.

కాసేపటికి హనుమండ్లే అడిగాడు, "మళ్ల ఎప్పుడు పోవాలె దవాఖానకు?"

"రేపు పొద్దుగాల. కరీంనగర్‌కు. ఆటోల పోతం."

"ఆటోల కాలు ముడుసుకోవాలె. నా బండిల ముందు సీటు వెనక్కి జరుగుతది, చాపుకొని కూసోవచ్చు. నేను తీసుకపోత."

బాలమల్లు వాకిట్లో ఉన్న తెల్ల బండిని చూశాడు. కట్టు కట్టిన కాలును చూసుకున్నాడు. మనసులోని భయాన్ని దాచుకోకుండా అడిగాడు.

"మెల్లగ నడుపుతవా అన్నా?"

ఇరవై ఆరేళ్లలో హనుమండ్లును ఏ పాసింజరూ ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే ఆయన వాణ్ని బండి ఎక్కనిచ్చేవాడే కాదు. 

"నడుపుత," అన్నాడు.