ముప్పై మిషన్ల కర్సర్

షిఫ్టు తొమ్మిదింటికి. ఆమె మాత్రం ఎనిమిదింటికే గోడౌన్‌లో ఉంటుంది. మూడేళ్లుగా ఇదే తంతు. సరుకు లెక్కపెట్టేవాళ్లు చేతపట్టుకు తిరిగే బుల్లి కంప్యూటర్లను అక్కడ అందరూ మిషన్లంటారు. ఆ ముప్పై మిషన్లనీ ఛార్జింగ్ అరలోంచి ఒక్కోటీ తీసి, తెర వెలుగు పెంచి, అక్షరాలు పెద్దవి చేసి, కర్సర్ ఎక్కడ నిలవాలో సెట్ చేసి మళ్లీ అరలో పెడుతుంది. సాయంత్రం ఆపేస్తే చాలు, ఆ దిక్కుమాలినవి నేర్పిందంతా మరిచిపోయి కూర్చుంటాయి.

కర్సర్ సంగతి కనిపెట్టింది కూడా ఆమే. పెట్టె మీది బార్‌కోడ్ మిషన్‌తో చదివించగానే కర్సర్ పక్క గడిలోకి, అంటే ఎన్ని పెట్టెలున్నాయో కొట్టే గడిలోకి దూకాలి. దూకలేదా, కొట్టిన పన్నెండు కాస్తా పోయి కోడ్ చివర అతుక్కుంటుంది. సబ్బుల పెట్టె లోకంలో లేని సరుకైపోతుంది. మిషన్లు వచ్చిన కొత్తలో అలాగే రెండు రోజుల లెక్క బూడిదపాలైంది. "ఆడవాళ్లకి ధ్యాస ఎక్కడుంటుందో!" అన్నాడు సూపర్‌వైజర్. ఆమె వారం రోజులు మధ్యాహ్నం అన్నం మానుకుని ఆ మెనూలన్నీ గాలించి మందు కనిపెట్టింది. చూపిస్తే, "ఓస్, ఇంతేనా! ఈ మాత్రం ఎవరైనా చేస్తారు" అన్నాడు. ఆ ఎవరైనా మాత్రం మూడేళ్లలో ఒక్క పొద్దున కూడా రాలేదు.

ఇంట్లో ఇంకో పాట. "గంట ముందెళ్లి అక్కడ ఏం వెలగబెడతావు? మా అమ్మకి మందులెవరిస్తారు?" అని మొగుడు. "మా వాడు చల్లారిన కూడు తింటున్నాడు" అని గోడకి చెప్పుకునే అత్తగారు. వంటా, మందులూ, బట్టలూ ముగించుకుని ఎనిమిదింటికి అక్కడుండాలంటే నాలుగున్నరకే లేవాలి. లేచింది. ఎందుకంటే, మిషన్ల ఇన్‌చార్జి అని కొత్త ఉద్యోగం రాబోతోందని సూపర్‌వైజరే చెప్పాడు. "ఆ కుర్చీ నీదేనమ్మా, కాస్త ఓపిక పట్టు." పిచ్చిది, పట్టింది. ఆ కుర్చీలో కూర్చున్నట్టు బస్సులో నిలబడే కలలు కంది.

నిన్న నోటీసు అంటించారు. ఇన్‌చార్జి ఎవరయ్యా అంటే, గేటు దగ్గర లారీల చీటీలు రాసే ఆయన! మిషన్ ఎటువైపు పట్టుకోవాలో కూడా ఆయనకి తెలియదు.

"మగమనిషైతే వేళాపాళా లేకుండా ఉంటాడు. నీకా, ఇల్లూ సంసారం" అన్నాడు సూపర్‌వైజర్ జాలిగా. "రెండ్రోజులు దగ్గరుండి ఆయనకి నేర్పు, చాలు."

కుర్చీ పోయినందుకు కాదు, ఆ 'నేర్పు' అన్నందుకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి చెప్పుకుంటే మొగుడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "అక్షరాలు పెద్దవి చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా?" మొన్న తన ఫోన్లో అక్షరాలు ఆనడం లేదని ఆమె చేతిలో పెట్టింది ఈయనే. ఏడుపు రాలేదు. ఏడిస్తే, అదిగో ఆడదాని ఏడుపు అంటారని ఆ ఏడుపుకీ తెలుసు కాబోలు.

ఈ పొద్దున ఆమె ఎనిమిదింటికి వెళ్లలేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద లెక్క ఇవాళే. ఎనిమిదిన్నరకి ఫోన్ మోగింది. ఆమె చేతులు గిన్నెల్లో ఉన్నాయి. మొగుడే ఎత్తాడు.

"నమస్కారం సార్! అయ్యో, ఎందుకు రాదండీ? ఇదిగో, ఇప్పుడే పంపిస్తా. ఆవిడకి ఇంట్లో మాత్రం ఏం పని!"

తర్వాత ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడాడు. "తెరలన్నీ చీకటిగా ఉన్నాయట, కర్సర్ కదలడం లేదట. గేటాయన చేతులెత్తేశాడట. అంత పెద్దమనిషి బతిమాలుతున్నాడు, నా పరువు తియ్యకు. కదులు!"

పరువు ఈయనది, పరుగు ఆమెది. చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"సార్, నా షిఫ్టు తొమ్మిదింటికి. తొమ్మిదింటికే వస్తాను. నా మిషన్ ఒక్కటే సెట్ చేసుకుంటాను. ముప్పై చెయ్యాలంటే ఆ ఇన్‌చార్జి ఉద్యోగం నాకిస్తున్నట్టు కాగితం మీద రాసివ్వండి."

"ఇదేంటమ్మా! పంపిస్తానని ఇప్పుడేగా మీ ఆయన మాటిచ్చారు?"

"అవును సార్, మాటిచ్చింది ఆయనే కదా" అంది. "ఆయన్నే పంపిస్తున్నా."