మామూలుగనే చదువుతున్నది

నీలమ్మకు అక్షరమ్ముక్క రాదు. అయినా దబీర్‌పురా నుంచి మలక్‌పేట దాకా ఇరవై రెండిళ్ళలో ఆడపిల్లల చదువు ఎట్లా సాగుతున్నదో చెప్పే మనిషి ఆమే. నవ్వొచ్చే సంగతే గానీ, పంతొమ్మిదివందల నలభైరెండులో ఆ బడి నడిచే తీరు అంతే. తల్లులు గడప దాటరు, తండ్రులను బడి గేటు దాటనివ్వరు. పెద్ద పంతులమ్మ సుశీలమ్మ ఏడాదికొకసారి ఉర్దూలో మార్కుల నతీజా కాగితం పంపేది. మిగతా నెలల్లో కబురంతా పిల్లల్ని ఇళ్ళకు చేర్చే ఆయా నోటి మీదుగానే పోవాలి.

నెలాఖరు బేస్తవారం నాడు సుశీలమ్మ నీలమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని ఒక్కో పిల్ల సంగతి చెప్పేది. నీలమ్మ దాన్ని పరదాబండి ఆగే ఇళ్ళ వరసలో నేర్చుకొనేది. బండి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి మాట దానంతటదే నాలుక మీదికి వచ్చేది. బండితోలే సాయిలు ఎన్నడైనా దారి మార్చాడంటే ఆమెకు ఒళ్ళు మండేది, వరస చెడితే నా బుర్ర చెడుతుందని తిట్టేది. పదేళ్ళలో ఒక పిల్ల కబురు ఇంకో పిల్ల ఇంట్లో ఎన్నడూ చెప్పింది లేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకొనేది కూడా.

అంతటి నీలమ్మ రెండిళ్ళలో మాత్రం తెలిసి తెలిసి అబద్ధం చెబుతూ వచ్చింది.

మొదటి ఇల్లు దబీర్‌పురాలో జరీపని చేయించే నజీర్ సాబుది. ఆయన కోడలు మజీదాకు రఫియా మూడో కాన్పు. ముందు పుట్టిన మగపిల్లలిద్దరూ జ్వరాలతో పోయారు. రెండోవాడు పోవడానికి మూడు రోజుల ముందు, పక్కింటావిడ వాణ్ణి ఎత్తుకొని ఎంత ముద్దుగున్నాడో అన్నదట. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, పసిపిల్ల ఎంత. అందుకే రఫియా ఆరో తరగతికి ఈ బడిలో చేరిన మొదటి ఏడే మజీదా నీలమ్మ చేతులు పట్టుకొని అడిగింది. నా బిడ్డ బాగా చదువుతున్నదని వాకిట్లో అనకు అక్కా, పనివాళ్ళుంటారు, వచ్చేపోయేవాళ్ళుంటారు, అని. నీలమ్మకూ ఇద్దరు పిల్లలు పోయారు. కాదనలేకపోయింది.

అప్పటినుంచి వాకిట్లో గట్టిగా ఒక మాట, పరదా చాటున మజీదా చెవిలో ఇంకో మాట. "మామూలుగనే చదువుతున్నది" అనేది గట్టి మాట. మూడేళ్ళుగా లెక్కల్లో బడి మొత్తానికి రఫియానే మొదటిది అనేది చెవిలో మాట. ఏడాది కాగితం చేతికి రాగానే మజీదా దాన్ని పొయ్యిలో వేసేది. రఫియా చేత కూడా ఒట్టు వేయించుకొన్నది. మలక్‌పేటలో రైల్వే పనిచేసే గుండయ్య ఇంట్లోనూ ఇదే కథ. ఆయన భార్య ఆగమ్మ, మా ప్రమీలకు దిష్టి తగులుతుంది, జర తగ్గించి చెప్పమన్నది. తగ్గించి చెప్పడంలో పోయేదేముందని నీలమ్మ అనుకొన్నది.

పోయేదేమిటో ఎనిమిదో తరగతి అయ్యాక తెలిసింది. అక్కణ్ణుంచి రెండే దార్లు. లెక్కలు, సైన్సు ఒకటి. వంటావార్పూ కుట్టూ నేర్పే ఖానాదారీ ఇంకొకటి. మొదటిది పట్టిన పిల్లే మెట్రిక్ తర్వాత డాక్టరు చదువుకు పోగలదు. తాను కంటితో చూడని ఆ ఇద్దరన్నల కోసం రఫియా చిన్నప్పటినుంచీ అదే పాట, లేడీ డాక్టరు అవుతానని. ఇంటి పెద్ద వేలిముద్ర వేసిన ఫారాలు ఈ రోజు నాలుగు గంటల బెల్లులోపల బడికి చేరాలి. ఒకసారి జాబితా ఆఫీసుకు పోతే మళ్ళీ మార్చేది లేదని సుశీలమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఫారంలో కుడిగడి లెక్కలది, ఎడమగడి ఖానాదారీది. చదువు రాకున్నా ఆ మాత్రం నీలమ్మకు తెలుసు. పొద్దున్నే మలక్‌పేట ఫారాలు తెచ్చి మూటలో పెట్టింది. ఇక మిగిలింది రఫియాది ఒక్కటే.

నజీర్ సాబు కార్ఖానా ఇంటి ముందరి వసారాలోనే. పెద్ద చెక్కచట్రానికి బిగించిన మఖమలు మీద నలుగురు పనివాళ్ళు జరీ కుడుతున్నారు. నలభై ఏళ్ళు సూదిమొన మీద చూపు నిలిపి నిలిపి ఆయన కళ్ళు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వేళ్ళతో తడిమి పని తప్పొప్పులు చెబుతాడు. కొడుకు అన్వర్ ఉస్మాన్‌గంజ్ దుకాణంలో గుమాస్తా, తండ్రి మాటకు ఎదురు చెప్పడు. లోపలి గుమ్మానికి పరదా వేలాడుతున్నది. పరదా ఇవతల తాత పక్కన రఫియా సిరాదిండు పట్టుకొని కూర్చొని ఉంది. పిల్ల ముఖం చూడగానే నీలమ్మకు ఏదో కీడు తోచింది.

ఆయన కూర్చోమని, మంచినీళ్ళు ఇమ్మని, బడి సంగతులు అడిగాడు. ఆ తర్వాత ఫారం ఆమె చేతికిచ్చి, బొటనవేలు సిరాదిండుకు అద్ది ముందుకు చాపాడు.

"ఎడమగడి ఏడుందో చూపియ్యి నీలమ్మా. ఖానాదారీలనే ఏస్త."

నీలమ్మ ఫారాన్ని గట్టిగా పట్టుకొని, పిల్ల లెక్కలు చదువుతానంటున్నది కదా సాబ్ అని నసిగింది. ఆయన కోప్పడలేదు. అది ఇంకా కష్టమనిపించింది ఆమెకు. నెలనెలా నువ్వు చెప్పింది విని ఆలోచించే ఈ మాట అంటున్నానన్నాడు. మామూలు చదువు చదివే పిల్లను బరువైన చదువులో వేస్తే రేపు తప్పుతుంది, నలుగురిలో తలవంచుకొంటుంది. నా మనవరాలికి ఆ అవమానం ఎందుకు అన్నాడు. పిల్ల ఆశ ఎరిగినవాడే, మనసు రాయి చేసుకొని చెబుతున్నాడని గొంతులో తెలుస్తూనే ఉంది.

రఫియా తలెత్తి నీలమ్మ వంక చూసింది. నోరు విప్పకూడదని ఒట్టు. పరదా కదిలింది. దాని అంచున మజీదా వేళ్ళు కనిపించాయి, గుడ్డను గట్టిగా పట్టుకొని ఉన్నాయి.

నీలమ్మ ఆయన చేతిని పట్టుకొన్నది. సిరా అంటిన బొటనవేలు కాగితం మీద బెత్తెడు ఎత్తున ఆగింది. అప్పుడు తోచింది ఆమెకు ఆ పాడు ఆలోచన. కుడిగడి ఎంత దూరం, నాలుగు వేళ్ళ దూరం. చెయ్యి కొంచెం జరిపితే చాలు. ఆయనకు కనపడదు. పనివాళ్ళు తలలు వంచుకొని ఉన్నారు. పిల్ల బతుకు బాగుపడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. చెయ్యి రెండు వేళ్ళ మేర జరిపింది కూడా. ఆ చెయ్యి ఆమె చేతిలో పసిపిల్లవాడి చెయ్యిలాగా నమ్మకంగా ఉంది. ఎటు తీసుకుపోతే అటు వస్తున్నది. నీలమ్మకు సిగ్గేసింది. మొదటి అబద్ధానికి ఇంత వచ్చింది, రెండోది ఎక్కడికి పోయి తేలుతుందో. గోడ గడియారం మూడు కొట్టింది.

ఆమె ఆయన చేతిని మెల్లగా ఆయన ఒడిలోనే పెట్టేసింది.

"సాబ్, మూడేండ్ల సంది నేను అబద్ధం చెప్పిన. రఫియా మామూలు పిల్ల కాదు. హిసాబ్ల బడికంతా మొదటిది."

సూదులు ఆగిపోయాయి. నజీర్ సాబు ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాడు. నీలమ్మ పరదా వైపు చూడలేదు. నా ఖర్మ, నా బుద్ధి గడ్డి తిన్నదని మాత్రం అన్నది. మజీదా పేరు ఎత్తితే ఆ ఇంట్లో ఆ తల్లి బతుకేం కావాలి.

"మూడేండ్లు అబద్ధమాడిన నోరు గదా అది," అన్నాడాయన. "ఇయ్యాల నిజం చెప్తున్నదని నేనెట్ల నమ్మాలె? పిల్ల ఏడ్చిందని జాలి పడి చెప్తలేవని ఏంది గ్యారంటీ?"

కాగితాలు చూపిద్దామంటే అవి పొయ్యిలో బూడిదయ్యాయి, బడికి పోయి సుశీలమ్మ చేత రాయించుకొని తిరిగొచ్చేంత పొద్దు లేదు. పదేళ్ళుగా ఆమెకున్న ఆస్తల్లా తన మాట మీద జనానికున్న నమ్మకమే. అది పోయాక నిజం కూడా చెల్లని రూపాయే అయింది. ఆయన మళ్ళీ సిరాదిండు కోసం తడుముతున్నాడు. ఎడమగడి నువ్వు చూపించకపోతే పనివాళ్ళు చూపిస్తారన్నాడు. రఫియా సిరాదిండును వెనక్కు లాక్కోలేక, ముందుకు జరపలేక బిగుసుకుపోయింది.

"అబ్బాజాన్."

పరదా వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. పదహారేళ్ళ కాపురంలో మజీదా గొంతు వసారా దాకా వినిపించడం అదే మొదలు. పనివాళ్ళు బిత్తరపోయి నేలచూపులు చూశారు. ఆమెకు ఊపిరి అందడం లేదు, అయినా ఆపలేదు.

"నీలమ్మక్క నోరు మూయించింది నేనే. నజర్ తగుల్తదని బుగులుపడి. నా బిడ్డ బడిల అవ్వల్. మూడేండ్ల సంది అవ్వల్. దాని ముందు ఎవ్వరు లేరు."

నలుగురు పరాయి మగవాళ్ళ ముందు, వీధివాకిలి బార్లా తెరిచి ఉండగా, పట్టపగలు. ఆ మాట అనడమంటే ఆ తల్లికి బిడ్డ ప్రాణాన్ని తీసి నడివీధిలో పెట్టడమేనని నీలమ్మకు తెలుసు. అనేసిన తర్వాత పరదా వెనక ఆమె కూలబడిన చప్పుడు కూడా వినిపించింది.

నజీర్ సాబు ముఖం మారిపోయింది. ఆ ఇద్దరు మగపిల్లలనూ తన చేతులతో మట్టిలో పెట్టివచ్చిన మనిషి ఆయన. మజీదా భయం ఏపాటిదో ఆయనకంటే బాగా ఎరిగినవాళ్ళు ఎవరు. చూపులేని కళ్ళు తుడుచుకొన్నాడు.

"ఈ మాట అబద్ధమైతే నువ్వు సచ్చినా అనవు బేటీ," అన్నాడు. బొటనవేలు మళ్ళీ సిరాకు అద్దుకొన్నాడు. "రఫియా, కుడిగడి నువ్వే చూపియ్యి."

పిల్ల తాత వేలు పట్టుకొని కుడిగడిలో ఆనించింది. ఒత్తి ఒత్తి వేయించింది, ముద్ర కాస్త అలుక్కుపోయింది కూడా. లోపల మజీదా ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేసినట్టుంది. ఘాటు రాకపోతే దిష్టి తగిలిందనే లెక్క. ఒక్క నిమిషంలో వసారా అంతా దగ్గులే. పరదా వెనక దగ్గుకూ ఏడుపుకూ నడుమ నవ్వొకటి వినిపించింది.

నీలమ్మ లేచేటప్పుడు నజీర్ సాబు, నీ మీద కోపం పోలేదని చెప్పాడు. వచ్చే నెలనుంచి నా ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పు, పిల్ల తప్పితే తప్పిందని కూడా చెప్పు అన్నాడు. ఆమె తలూపి, ఆయనకు కనపడదని గుర్తొచ్చి, సరేనని గట్టిగా అన్నది.

బండెక్కి, ఫారం పెట్టడానికి మూట విప్పింది. అన్నిటికంటే పైన గుండయ్యది ఉంది. నల్లటి వేలిముద్ర, ఎడమగడిలో. పొద్దున ఆ ఫారం తీసుకొనేటప్పుడు గుండయ్య అన్నమాట ఇప్పుడు వినిపించింది ఆమెకు. మామూలు చదువేనంటివి గదా నీలమ్మా, గందుకే గిట్ల ఏసిన అన్నాడు. ఆమె ఊఁ అన్నది. ఊఁ అని మూటలో పెట్టుకొని వచ్చింది.

"సాయిలూ, బండి మలక్‌పేట దిక్కు తిప్పు."

సాయిలు వెనక్కి తిరిగి చూశాడు. ఇప్పుడు బడికి కదా పోవాలె, నీ వరస చెడదా అక్కా అని ఎకసెక్కమాడాడు.

"చెడనియ్. ఎడ్లను జర ఉరికియ్యి."

బండి గల్లీ మలుపు తిరిగింది. నాలుగు కొట్టడానికి ఎంతసేపున్నదో ఆమెకు తెలియదు. గుండయ్య నమ్ముతాడో, మొహాన ఉమ్ముతాడో అదీ తెలియదు. పరదా పక్కకు తీసి, బజారులో పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా, చెప్పబోయే మాటను గట్టిగా వల్లె వేసుకొంటూ కూర్చొన్నది.

"మీ ప్రమీల మామూలు పిల్ల కాదు గుండయ్యా. మీ ప్రమీల మామూలు పిల్ల కాదు."