గేరుబాక్సు మీద ఒట్టు

మా బావని దొంగనడానికి నాకేం సరదానా? మరి నూనె ఏటయిపోతోంది?

అరకు కొండల్లో మా ఊరి ఆడోళ్లం కలిసి కాఫీపళ్ల తొక్క తీసే మిషను పెట్టుకున్నాం. సంఘానికి పెద్దని నేను, కనకని. మిషను నడిపేది మా ఆయన అన్న బుధు. ఈ ఏడు గేరుబాక్సు ఇనప మూత పగిలితే కొత్తది, అల్యూమినియంది బిగించాం. నిగనిగలాడతాది. అప్పట్నించే లోపల నూనె తరిగిపోతోంది. పొద్దున్న నిండా పోస్తే సాయంత్రానికి రెండు వేళ్ల లోతు తగ్గుతోంది. నూనె నేకపోతే గేర్లు అరిగి మిషను ఆగిపోతాది. కోసిన పళ్లు ఆ రోజే తొక్క తియ్యకపోతే పులిసిపోతాయి. ఇరవై ఇళ్ల ఏడాది కష్టం బుగ్గే!

మెకానిక్కు జగదీష్ రెండుసార్లొచ్చి సూసి, "ఎక్కడా కారడం నేదు పిన్నీ" అన్నాడు. కారితే నాకు కనపడదా? మిషను తిరిగినంతసేపూ దాని మీంచి నీళ్లు పారుతూనే ఉంటాయి. పని ఆగీసరికి నేనే ఏణ్ణీళ్లతో కడిగి తుడుస్తాను. నోట్లోకెళ్లే సరుకు ఆడే మిషను, శుభ్రంగుండొద్దూ?

కారకపోతే ఎవడో తీస్తన్నట్టే కదా. షెడ్డు తాళం బావ దగ్గరే. ఆయనింటి తలుపు కిర్రుమనదు. ఆయన మోకాళ్లు ఎప్పుడు సూడు, మెరుస్తానే ఉంటాయి. ఒకనాడు నన్ను సూసి ఏదో సీసా పంచె సాటుకి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోడమంటే ఇదే!

"ఏటి బావా అది?"

"ఇప్పనూనె. మోకాళ్ల నొప్పికి."

ఓలమ్మో, నేను నమ్మాల! ఆయన కొండకెళ్లినప్పుడు ఇంట్లో దూరి సీసా మూత తీసి వాసన సూసాను. ఇప్పనూనే. ఇంకో సీసా ఎక్కడో దాచుంటాడనుకున్నాను.

ఆఖరికి అందరి ముందూ తేల్చీసాను. "ఒట్టెయ్యి బావా. నేదా, తాళం ఇచ్చీ."

కొత్తపంట నాడు మేం మిషనుకి పసుపు రాస్తాం. పసుపు రాసినాక అది ఇనుము కాదు, దేవతే. అలాగే మూత నిండా పసుపు మెత్తి ఆరనిచ్చాను. ఆగిన మిషను మీద ఒట్టు సెల్లదని నీళ్లు కట్టీసి ఉత్తినే తిప్పించాను. అందరూ పోగయ్యీసరికి అది బాగా కాగింది. బావ సెయ్యెత్తాడు.

"దేవతకి సెమట పడతంది!" అని అరిచింది మా సంఘంలో కృపావతి.

పసుపు మీద నల్లటి సుక్కలు. ఒకటి, నాలుగు, పది. జగదీష్ ఏలితో రాసి సూసాడు. నూనె! తుడిస్తే మళ్లీ పుట్టుకొచ్చాయి.

"కరిగిన అల్యూమినియం అచ్చులోకి కొట్టినాక గట్టిపడీదాకా బాగా ఒత్తిపట్టాల పిన్నీ" అన్నాడు. "ఒత్తిడి సాలకపోతే గాలి లోపలే ఉండిపోయి, అట్టుకి పడినట్టు చిల్లులు పడతాయి. పైపొర నున్నగానే ఉంటాది. బిగించడానికి లోపల సెక్కేసరికి చిల్లులన్నీ కలిసిపోయాయి. సల్లగున్నప్పుడు కారదు, నేనప్పుడే సూసాను. ఏడెక్కితే నూనె పలచబడి ఊరతాది. నువ్వేమో రోజూ కడిగీసేవు."

నాకు ప్రాణం లేచొచ్చింది, సిగ్గూ ముంచుకొచ్చింది. "ఒట్టొద్దులే బావా, తప్పు మూతదే" అన్నాను బేగి.

"నా ఒట్టు అవనీ" అన్నాడాయన. అరచెయ్యి పసుపు మీద ఆనించి, "ఇందులో సుక్క నేను ముట్టుంటే నా కళ్లు పోవాల" అన్నాడు. సెయ్యి తీసి నాకేసి తిరిగాడు.

"ఇప్పుడు నువ్వు సెయ్యెట్టి ఒట్టెయ్యి కనకా. నా ఇంట్లో దూరి, సీసా మూత వదులుగా ఒదిలీసింది నువ్వు కాదని సెప్పు."

మిషను తిరుగుతూనే ఉంది. అందరూ నా సెయ్యే సూస్తన్నారు. అది లెగనేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

బావ మొలతాడు నించి తాళం విప్పి నా కాళ్ల దగ్గర పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లిగా గట్టు దిగి ఎల్లిపోయాడు.