ముప్పై అయిదు దాటితే

మఠంలో నాకు మాటల పట్టిక రాసే పని అప్పగించారు. ఎడమ పక్కన లాటిన్ మాట, కుడి పక్కన మన ఇంగ్లీషు మాట. యుద్ధం మాటలు రాజుగారి పిలుపు మీద పోయి తిరిగొచ్చిన వాళ్లను అడిగి రాసుకున్నాను. అడవి జంతువుల పేర్లు వేటగాళ్లు చెప్పారు. పశువుల మాటలన్నీ మా నాన్న డుడ్డా చెప్పినవే. పాలు మానని దూడకు ఒక మాట, ఏడాది నిండినదానికి ఒకటి, ఇంకా కాడి ఎరగని గిత్తకు ఒకటి, ఈనని పెయ్యకు ఒకటి.

"ఇవన్నీ దూడ తోలు మీదే రాస్తున్నావు కదా, ఆ దూడ పేరేంటో ఎవరైనా అడిగారా?" అని నవ్వాడాయన.

మా వంశంలో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఊళ్లో పంచాయితీ జరిగితే మైనం పలక పట్టుకుని నేనే వెళ్లి రాయాలి.

యుద్ధం మాటల వరసలో చట్టం చెప్పిన మూడు మాటలున్నాయి. పశువుల్ని తోలుకుపోయినవాళ్లు ఏడుగురి దాకా అయితే దొంగలు. ఏడు దాటి ముప్పై అయిదు దాకా అయితే హ్లోత్, అంటే ముఠా. ముప్పై అయిదు దాటితే హెరె, అంటే శత్రువుల దండు. రాసిన రోజున అవి నాకు వట్టి మాటలే. కోతల నెలలో మా ఊరి నాగలి ఎడ్లు ఎనిమిదీ పోయాక అలా అనిపించలేదు.

ఆ ఎడ్లను కాసేది నాన్నే. ఆ ఏడాది మగవాళ్లంతా సముద్రం దాటొచ్చిన డేన్ల మీద యుద్ధానికి మూడోసారి వెళ్లారు. ఉన్న ముసలివాళ్లే పగలు బార్లీ కోసి, రాత్రి మంద కాపలా కాశారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన రెండో నాటి తెల్లవారుజామున, పొగమంచులో, నాన్న కూర్చునే నిద్రపోయాడు. కళ్లు తెరిచేసరికి ఎడ్లు వాగు మలుపు తిరిగిపోతున్నాయి. కొమ్ముబూర మోకాలి మీదే ఉంది. ఊదే లోపే మంచు మూసేసింది. ఊరివాళ్లు జాడ పట్టుకుని ఏటి దాకా వెళ్లారు. నీళ్లలో జాడ పోయింది.

బూర ఊదని కాపరి ఎడ్లకు ఎడ్లు ఇచ్చుకోవాలి. లేకపోతే తల ఇవ్వాలి. తల ఇవ్వడమంటే నరికించుకోవడం కాదు. యజమాని ముందు మోకరిల్లి, తల అతని రెండు చేతుల మధ్య పెట్టి, ఇకనుంచి నీ బానిసనని ఒప్పుకోవడం. కానీ వచ్చింది దండయితే కాపరిని ఎవరూ ఏమీ అడగరు.

పంచాయితీకి బయల్దేరేముందు కొట్టంలో నాన్నను పట్టుకున్నాను.

"నలభై మంది అను నాన్నా. మంచులో ఎవరు లెక్కపెట్టొచ్చారు?"

"అంటే?"

"హెరె అని రాస్తాను. నీ జోలికి ఎవరూ రారు."

"ఆ తర్వాత?"

నేను పలక మీది మైనాన్ని గోటితో గీకాను.

"తర్వాత మళ్లీ అందర్నీ యుద్ధానికి రమ్మంటారు. పక్కింటి బేగె మొగుడు మొన్ననే కదరా చెప్పులు విప్పింది? కాలి పుండు పచ్చిగానే ఉంది. సగం బార్లీ చేలోనే ఉంది."

"వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. నువ్వు బానిసవైతే..."

"గొంతు తగ్గించరా. నాకు నిద్రొస్తోంది."

పంచాయితీ జరిగే గుట్ట కింద జనం పోగయ్యారు. నాన్న ముల్లుకర్ర మీద వాలి నిలబడ్డాడు, కళ్లు మూతలు పడుతున్నాయి.

"డుడ్డా మామా, నిలబడి నిద్రపోతున్నావా? గుర్రానివా ఏంటి?" అంది బేగె.

"కూర్చుని పడుకుంటేనే ఇంత కొంప మునిగింది కదమ్మా. ఇలా చూద్దామని."

కొందరు నవ్వారు. రాజుగారి తరఫున ఊరికీ ఎడ్లకూ పెత్తందారైన ఓస్లాఫ్ నవ్వలేదు. అతను కూడా యుద్ధం నుంచి వచ్చినవాడే, కుడి చెయ్యి మెడకు కట్టుకున్న గుడ్డలో ఉంది.

"ఎంతమంది, డుడ్డా?"

"మనుషుల లెక్క నాకు రాదయ్యా."

"తొందరేం లేదు. మంచు కదా. ముప్పై అయిదు దాటారా?"

అతను దారి చూపిస్తున్నాడని నాకు తెలిసింది. జనం తమ కాళ్ల వంక చూసుకున్నారు. బేగె మొగుడి చొక్కా చేయి గట్టిగా పట్టుకుంది.

"దండు వెనక తోడేళ్లొస్తాయి. బొంతకాకులు, గద్దలు పైన తిరుగుతాయి. అవేమైనా చూశావా?" అన్నాడు ఓస్లాఫ్ మళ్లీ.

"ఒక కుందేలును చూశానయ్యా. వాళ్లు వెళ్లిన దారి పక్కనే కూర్చుని గడ్డి తింటోంది. దండు పోయిన దారిలో కుందేలు నిలుస్తుందా?"

"మరి ఎంతమంది?"

"ఎడ్ల లెక్కలో చెప్తాను. ఒక నిండు నాగలి. దాని వెనక ఒక దూడ."

నాగలికి ఎనిమిది. దూడతో తొమ్మిది. ఈ లెక్క రానివాడు అక్కడ లేడు. బేగె మొగుడి చొక్కా చేయి వదిలేసింది.

"మరి బూర?"

"మోకాలి మీదే ఉంది. నిద్రపోయాను."

"ఎడ్లకు ఎడ్లు ఇవ్వగలవా?"

"ఉన్నది ఒక ముసలావు. అదీ వట్టిపోయింది."

ఓస్లాఫ్ తన ముందున్న నేల చూపించాడు. తర్వాత నాన్న మోకరిల్లాడు. రెండు చేతులూ ఉండాలి కాబట్టి ఓస్లాఫ్ దెబ్బతిన్న చేతిని గుడ్డలోంచి బయటికి తీశాడు. పళ్లు బిగించి నాన్న తల పట్టుకున్నాడు.

"నొప్పెడుతోందా అయ్యా?" అన్నాడు నాన్న కింది నుంచి.

"మాట్లాడకు."

కొత్తగా బానిసైనవాడి చేతికి పనిముట్టు ఒకటి ఇవ్వాలి. ఓస్లాఫ్ చుట్టూ చూసి, గడ్డిలో పడున్న ముల్లుకర్ర తీసి నాన్నకిచ్చాడు.

"ఇది నాదే కదయ్యా."

"నీదే. ఇప్పుడు నాదయింది. పట్టుకో."

హ్లోత్, తొమ్మిది మంది అని పలక మీద రాశాను. కింద నాన్న పేరు, దాని పక్కన బానిస అన్న మాట. మైనంలో గీత వంకర పోయింది. చెరిపి మళ్లీ రాశాను.

జనం కొడవళ్లు తీసుకుని చేల వైపు నడిచారు. బేగె ఆగింది.

"ఇవాళ మంద నేను చూసుకుంటాలే మామా. నువ్వు కాసేపు పడుకో."

"ఏ మందమ్మా? ఎడ్లేవి?" అన్నాడు నాన్న.

అయినా బార్లీ పనల పక్కన ఒరిగాడు, ముల్లుకర్ర గుండెల మీద పెట్టుకుని. లేపబోయిన పాలేరును ఓస్లాఫ్ దూరం నుంచే చెయ్యి ఊపి ఆపేశాడు. పొద్దు వాలేదాకా నేను పక్కనే కూర్చుని ఈగలు తోలాను.