పెన్సిలు చీటీ

మూడో అరలో పద్నాలుగో సీసా మూత తిప్పేసరికి స్పిరిట్ మళ్లీ వేలెడు తగ్గి ఉంది. సీసాల తాత దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు, అడుగు తడిమాడు, మూత చుట్టూ గుడ్డతో ఒత్తాడు. ఎక్కడా చెమ్మ లేదు. పోయిన నెలా ఇంతే. పగులు లేదు, కారడం లేదు, ఎవరో చాటుగా గుక్కెడు తాగి మూతి తుడుచుకుని పోయినట్టు.

"తాగండి నాయనా, తాగండి. మీకు పొయ్యక ఇంకెవరికి పోస్తాను?" అని లోపలి రెండు కప్పలతోనూ అని, గరాటు పెట్టి మెడదాకా నింపాడు.

మ్యూజియం కింది అంతస్తులో అలాంటి సీసాలు పదకొండు వేలు. ఏ అడవి నుంచి ఏ కప్ప వచ్చినా చివరికి చేరేది అతని బల్ల మీదికే. దాని ఎడమ వెనక కాలికి, మోకాలి పైన, దారం రెండు చుట్లు చుట్టి చీటీ కట్టాలి. చీటీ మీద అంకె, దొరికిన చోటు, తేదీ. అదంతా పెన్సిలుతోనే. సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, పెన్సిలు వందేళ్లైనా చెదరదు. కట్టిన చీటీ ఇక విప్పకూడదు. తప్పని తేలినా సరే, దాని పక్కనే ఇంకో చీటీ కట్టాలి గాని మొదటిది తియ్యకూడదు. "తప్పు కూడా సాక్ష్యమేరా" అనేవాడు అతనికి ముడి నేర్పిన పెద్దసారు.

ముప్పై నాలుగేళ్లు అదే పని. మనిషి పొట్టి, అరల కింద వంగీ వంగీ కొడవలిలా తయారయ్యాడు. స్పిరిట్ తగిలి వేళ్ల చర్మం తెల్లగా పాలిపోయి, ముద్రలన్నీ అరిగిపోయాయి. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టిన నాటి నుంచీ అది అతన్ని మనిషిగా ఒప్పుకోలేదు. వాచ్‌మన్ రోజూ పక్క గేటు తీసి, "దయ్యాలకి ఇటు దారి" అంటాడు. ముక్కు ఏనాడో పోయింది. ఇంట్లో ఆవిడకి మాత్రం బాగానే పనిచేస్తుంది. "మీ పక్కన పడుకుంటే సీసాలో పడుకున్నట్టే ఉంటుంది, కాస్త మూత తీసి పడుకోండి" అంటుంది.

ఆ మాత్రం నోరు అతనికీ ఉంది. చూడటానికి వచ్చిన బడిపిల్లలకి కోతలు కోస్తుంటాడు. అందులో పెద్ద కోత ఒకటుంది. ఇక్కడి మనిషి ఎవరైనా పోయే రోజున సీసాల్లో కప్పలన్నీ తలుపు వైపు తిరుగుతాయట. పెద్దసారు పోయిన పొద్దున నాలుగు వందల కప్పలు ఒక్కసారిగా తిరిగితే అరలు కిర్రుమన్నాయట. వాచ్‌మన్‌ని బెదిరించడానికి, పాచి మొహంతో అల్లిన అబద్ధం అది. పదేళ్లుగా చెప్పీ చెప్పీ దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి.

పద్నాలుగో సీసాని బల్ల మీద పెట్టి చూస్తే, అందులో ఒక కప్ప తలుపు వైపు తిరిగి ఉంది.

'పోసినప్పుడు తిరిగుంటుంది' అనుకున్నాడు. సీసాని గోడ వైపు తిప్పి పెట్టాడు. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు బరువుగా ఉంది.

పదింటికి డాక్టరమ్మ దిగి వచ్చింది. కప్పల డాక్టరు. మనుషుల నాడి తెలియదు గాని కప్ప గొంతు విని దాని ఊరు చెప్పగలదు. చేతిలో కాగితాలు, మొహంలో పండగ.

"తాతగారూ, కూర్చోండి. నిలబడి వింటే పడిపోతారు."

"పడే వయసు దాటిపోయిందమ్మా. ఇప్పుడు పడితే లేచేది ఉండదు."

"మీ పద్నాలుగో సీసాలో పెద్ద కప్ప ఉంది చూశారూ, అది కొత్త జాతి. ఎముకలు చూశాను, వేళ్ల మధ్య పొర చూశాను, ఇంకే కప్పకీ కలవదు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే కూర్చుని మనందర్నీ చూసి నవ్వుతోంది. ఇక ఆ జాతికంతటికీ ఇదే సాక్షి. దీనికి పేరు ఎవరిది పెడుతున్నానో తెలుసా? మీది."

తాత నవ్వాడు. "వద్దమ్మా. నా పేరు పెడితే దానికి పిల్లనెవరూ ఇవ్వరు."

"మీ ముడి వల్లే కదండీ దీని ఊరు తెలిసింది! ఇన్నేళ్లకీ చీటీ ఊడలేదు. ఎగువ వాగు అని స్పష్టంగా ఉంది. రేపు తెల్లారగానే జీపులో ఎగువ వాగుకి పోతున్నాం, బతికున్నవి ఉన్నాయేమో వెతకడానికి." ఆమె కప్పని పట్టకారుతో తీసి పళ్లెంలో పెట్టింది. "ఇదిగో, ఎడమ ముందు కాలికి చివరి వేలు లేదు. జాతి లక్షణం కాదులెండి, దేనికో చిక్కి తెగింది. దీనొక్కదాని గుర్తు అది. రాశాను."

తాత నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

పదకొండేళ్ల కిందట, ఆవిడకి ఆపరేషన్ అయ్యి అతను పద్దెనిమిది రోజులు సెలవులో ఉన్నప్పుడు, మూత సరిగా పడక ఈ సీసా పూర్తిగా ఎండిపోయింది. వచ్చి చూసేసరికి దారాలు పెళుసెక్కి తెగి, రెండు కప్పలూ రెండు చీటీలూ అడుగున విడివిడిగా పడి ఉన్నాయి. ఒకటి ఎగువ వాగుది, ఒకటి దిగువ వాగుది. కొండకి అటొకటీ ఇటొకటీ. తోలురంగు కప్పలు, కవలపిల్లల్లా ఒకే పోలిక. పైన చెబితే, సీసా ఎండనిచ్చినవాడు అన్న మాట నెత్తిన పడుతుంది. పెద్దసారు అప్పటికే లేడు. ఈ మట్టిరంగు కప్పల మొహం ఇక చూసేదెవరు? పెద్ద కప్పకి ఎగువ వాగు, చిన్నదానికి దిగువ వాగు అని తనే తీర్పు చెప్పి, కొత్త దారంతో కట్టేశాడు. ఆ ముడినే డాక్టరమ్మ ఇప్పుడు మెచ్చుకుంటోంది.

తెగిన వేలు అన్నాక గాని గుర్తు రాలేదు. వాన. నడుముదాకా నీళ్లు. అతని చెప్పు ఒకటి కొట్టుకుపోయింది, రెండోది తనే విసిరేశాడు. బండ మీద కూర్చుని పెద్దసారు అరచెయ్యి చాపాడు. "చూడరా, వీడు మనకంటే ముందే ఎవరికో వేలిచ్చి వచ్చాడు." చుట్టూ గులకరాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నట్టు కప్పల అరుపు. చెప్పు పోయింది దిగువ వాగులో. ఆ వాగుని తిట్టిన తిట్టు ఇప్పటికీ అతని నోట్లో ఉంది.

డాక్టరమ్మ ఒక కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది ఆనకట్ట వాళ్లకి. దిగువ వాగులో కాపాడాల్సిందేమీ లేదని మనల్ని రాసివ్వమన్నారు, సంతకం పెట్టేశాను. ఐదింటికి వాళ్ల మనిషి వస్తాడు, ఇచ్చేయండి. ఎల్లుండి ఆనకట్ట తలుపులు దించి నీళ్లు నిలుపుతారట. పాపం, మంచి చోటే, నెల తిరక్కుండా మునిగిపోతుంది."

"అమ్మా..."

ఆమె ఫోను మోగింది. "వస్తున్నా సార్, పైకే వస్తున్నా" అంటూనే మెట్లెక్కి వెళ్లిపోయింది. తాత నోరు ఇంకా తెరిచే ఉంది. పళ్లెంలోని కప్ప నోరు మాత్రం గట్టిగా మూసి ఉంది.

కప్పని మళ్లీ సీసాలో దించి, మధ్యాహ్నం వెనక మెట్ల మీద డబ్బా విప్పాడు గాని ముద్ద దిగలేదు. పక్కన వాచ్‌మన్ గబగబా తింటున్నాడు.

"ఒరే, ఒక మాట అడుగుతా. ఒక కప్పకి ఇంకో కప్ప చీటీ కట్టారనుకో..."

"ఎవరు కట్టారు?"

"అనుకో అన్నానా! కడితే ఏమవుతుంది?"

"చచ్చిన కప్పకి ఏ చీటీ అయితే ఏంటి తాతా? అదేమన్నా ఉత్తరాల కోసం చూస్తోందా?"

"చచ్చినదానికి కాదురా. బతికున్నవాటికి." తాత డబ్బా మూశాడు. "దీని చుట్టాలు ఒక వాగులో ఉంటే, మనం ఇంకో వాగులో వెతుకుతాం. ఈలోగా వాళ్ల వాగుని ముంచేస్తాం."

వాచ్‌మన్ నమలడం ఆపి అతని మొహం చూశాడు. "ఏంటి అలా చెమట పట్టింది? నీ కోతలకి నువ్వే భయపడ్డావా? ఏం, కప్పలు తిరిగాయా?"

"ఒకటే తిరిగింది."

"ఒకటైతే ఏం కాదులే" అని నవ్వాడు వాచ్‌మన్. తాత నవ్వలేదు. వాచ్‌మన్ నవ్వు కూడా మధ్యలోనే తగ్గిపోయింది.

మూడున్నరకి తాత ఉత్తరం చేత్తో పట్టుకుని పైకి బయల్దేరాడు. డాక్టరమ్మ ఉన్న గది మూడో అంతస్తు. మొదటి మలుపు దగ్గర ఆగాడు. రెండో మలుపు దగ్గర గోడ పట్టుకున్నాడు. రొమ్ములో ఎవరో మూత బిగిస్తున్నట్టుంది, పిడికిలితో పట్టి ఒక్కో మెలికే తిప్పుతున్నట్టు. పై నుంచి మీటింగు గది చప్పట్లు వినిపించాయి. బహుశా ఆమె కొత్త కప్ప సంగతి చెబుతూ ఉంటుంది. బహుశా అతని పేరు కూడా. ముప్పై నాలుగేళ్లలో అతని పేరు ఆ గదిలో పలకడం ఇదే మొదలు. ఇప్పుడు వెళ్లి తలుపు కొడితే ఇదే ఆఖరు కూడా.

కొడదామనే ఇంకో మెట్టు ఎక్కాడు. కాలు ఎక్కింది, ఒళ్లు ఎక్కలేదు. కాసేపు అక్కడే కూర్చుని, వచ్చిన దారినే ఒక్కో మెట్టూ దిగాడు.

కింద అరలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. సీసాలు ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటాయి, కానీ ఇవాళ చెవులు రిక్కించిన నిశ్శబ్దం. అతను అటూ ఇటూ చూడలేదు. చూస్తే ఎన్ని కప్పలు ఎటు తిరిగి ఉన్నాయో లెక్కపెట్టాల్సి వస్తుంది.

బల్ల ముందు కూర్చుని కొత్త చీటీ తీశాడు. పెన్సిలు ములికి చెక్కాడు. ఎడమ చెయ్యి కాగితాన్ని నొక్కనని మొరాయిస్తే మోచేత్తో అదిమిపెట్టి రాశాడు. చిన్న చీటీ, పొడుగు మాటలకి చోటు లేదు. అతనికీ ఓపిక లేదు. పెద్ద కప్పని పళ్లెంలోకి తీసి, ఎడమ వెనక కాలికి, మోకాలి పైన, పాత చీటీ పక్కనే కొత్తది ఆనించాడు. ముడి వెయ్యాలంటే రెండు చేతులు కావాలి. దారం ఒక కొస పళ్లతో పట్టి, రెండో కొస కుడి చేత్తో తిప్పాడు. ఒక చుట్టు. జారింది. మళ్లీ ఒక చుట్టు. రెండో చుట్టు. స్పిరిట్ రుచి నాలుకకి తగిలింది. ఎన్నేళ్ల తర్వాతో, దాని వాసన కూడా ఒక్కసారి గుప్పుమంది.

"నీ ఊరు నీకిచ్చేశాను. ఇక నా జోలికి రాకు" అన్నాడు.

కప్పని సీసాలో దించి మూత బిగించాడు. వొలికిన స్పిరిట్ సీసా అడుగున కారుతోంది. ఏనాడూ తడి సీసాని తుడవకుండా పెట్టని మనిషి, దాన్ని తీసి సరాసరి ఉత్తరం మీద పెట్టాడు. చెయ్యి తిరగక అక్కడ పడిందో, తెలిసే పెట్టాడో చెప్పడానికి అక్కడ కప్పలు తప్ప ఎవరూ లేరు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం రొమ్ముకి ఆనించి, మీటింగు అయ్యి ఆమె దిగి వచ్చేదాకా కాస్త కళ్లు మూసుకున్నాడు.

ఆమె దిగి వచ్చేసరికి పావు తక్కువ ఐదు. "తాతగారూ, పైన అందరూ మీ గురించే..." అంటూ భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది. పెదవుల మధ్య దారం ముక్క ఒకటి అంటుకుని ఉంది.

అంబులెన్సు వచ్చింది, వెళ్లింది. వాచ్‌మన్ ఆ రోజు గేటు రెండు రెక్కలూ తెరిచాడు. ఇంటికి కబురు అతనే చేశాడు. అవతల నుంచి ఆవిడ ఒకటే అడిగింది: "అన్నం తిన్నారా ఇవాళ?" వాచ్‌మన్ తిన్నారనే చెప్పాడు. తాత దగ్గర నేర్చుకున్న విద్య అది.

ఐదు దాటాక ఆనకట్ట మనిషి మెట్లు దిగి వచ్చాడు. ఇక్కడ ఏం జరిగిందో తెలియని మనిషి. "ఉత్తరం అన్నారు మేడమ్. తొందరగా ఇస్తే వెళ్తాను, ఎగువన వానలు పడుతున్నాయి, నీళ్లు అప్పుడే తలుపుల దాకా వచ్చేశాయి."

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని సీసా ఎత్తింది. కింద ఉత్తరం గుండ్రంగా తడిసి ఉంది. ఆమె సంతకం కరిగి నీలం మరకై, 'కాపాడాల్సిందేమీ లేదు' అన్న చోటుదాకా పాకింది. ఇంకోటి రాద్దామని కాగితం కోసం చెయ్యి చాపి, సీసా వైపు చూసి ఆగిపోయింది. కప్ప కాలికి రెండు చీటీలున్నాయి. సీసాని వెలుతురుకి ఎత్తి చదివింది. మళ్లీ చదివింది.

"ఉత్తరం లేదు," అంది. "తలుపులు దించొద్దని చెప్పండి."

"అది నా చేతిలో లేదు మేడమ్."

"అయితే ఎవరి చేతిలో ఉందో అక్కడికి నన్ను తీసుకెళ్లండి. మా జీపు రేపు కాదు, ఇప్పుడే దిగువ వాగుకి పోతుంది."

ఇద్దరి అడుగులూ మెట్ల మీద దడదడమని పైకి వెళ్లిపోయాయి. బయట చినుకులు మొదలయ్యాయి. బల్ల మీద పద్నాలుగో సీసా మిగిలింది. అందులో తలుపు వైపు తిరిగిన కప్ప, దాని కాలికి వదులుగా వేసిన ముడి, ముడికి వేలాడుతూ ఒక చీటీ: 'పక్క చీటీ తప్పు. ఎండిన సీసాలో నేనే మార్చి కట్టాను. ఇది దిగువ వాగుది. వేలు సాక్షి.' పెన్సిలు అక్షరం ఒక్కటీ చెదరలేదు.